‘చెప్పకపోతే’ అనే గడి

వర్జ్యం అనే మాటను వేదికల మీద ఎన్నిసార్లు ఉతికి ఆరేశానో నాకే గుర్తులేదు. అలాంటి నేను, ఉద్యోగం చివరి ఏడాదిలో, వర్జ్యం ఎప్పుడు మొదలై ఎప్పుడు ముగుస్తుందో కంప్యూటర్ చేత ఎలా చెప్పించాలో వివరిస్తూ పేజీలకు పేజీలు రాశాను. అదీ జీతం లేకుండా. అదీ ఇష్టపడి. నవ్వుకోండి, నాకేం కోపం లేదు. ఆ ఏడాదంతా మేమూ నవ్వుతూనే గడిపాం.

జనగామలో ఒక కాలేజీలో పిల్లలకు కంప్యూటర్ పాఠాలు చెప్పేవాణ్ణి. సాయంత్రాలు సభలు, చర్చలు, వాదాలు. గ్రహణం రోజున అందరూ తలుపులు వేసుకుంటే నేను చౌరస్తాలో నిలబడి వేడివేడి మిర్చి బజ్జీలు తినేవాణ్ణి. గ్రహణం పట్టిన రోజు బజ్జీల బండివాడికి నేనొక్కణ్ణే గిరాకీ. “సారూ, మీరు ఉన్నరని బండి పెట్టిన” అనేవాడు. నా వాదం విని మారినవాడు అతనొక్కడేనని నా భార్య ఇప్పటికీ అంటుంది.

అసలు సంగతికి వస్తాను. మీలో కంప్యూటర్ చదవనివాళ్లు కూడా ఉంటారు కాబట్టి రెండు మాటలు విడమరిచి చెప్పాలి. మా లోకంలో లైబ్రరీ అంటే పుస్తకాల ఇల్లు కాదు. ఒకరు రాసిపెట్టిన ప్రోగ్రాం ముక్కలు అవి. ఇంకొకరు తెచ్చి తమ ప్రోగ్రాంలో వాడుకోవచ్చు. ఓపెన్ సోర్స్ అంటే ఆ ముక్కల్లోపల ఏముందో ఎవరైనా విప్పి చూడొచ్చు, తప్పుంటే దిద్దొచ్చు. చెవిలో ఊదే రహస్యం లేదు, అర్హత లేదని గెంటేసే గుమ్మం లేదు. నాలాంటివాడికి ఇంకేం కావాలి? అయితే విప్పి చూడొచ్చు అన్నంత మాత్రాన అందరికీ అర్థం కాదు. దాన్నెలా వాడాలో చెప్పే పుస్తకం కావాలి. ఆ పుస్తకాన్నే డాక్యుమెంటేషన్ అంటారు. ఒకరు రాస్తారు, ఒకరు దిద్దుతారు, మరొకరు కొట్టేస్తారు, అందరూ కలిసి పోట్లాడతారు. చివరికి మిగిలిందే పుస్తకం.

ఆ లైబ్రరీ సూర్యచంద్రుల లెక్కలు చేసేది. సూర్యోదయం, తిథి, నక్షత్రం, గ్రహణం, అన్నీ. నేను గ్రహణం కోసం వెళ్లాను. ఫలానా ఊళ్లో ఫలానా నిమిషానికి నీడ పడుతుందని మన పిల్లలే లెక్కకట్టి చూస్తే, పాము మింగిందనే కథ తనంతట తానే చచ్చిపోతుందని నా ఆశ. వెళ్లాక తెలిసింది, ఆ లైబ్రరీని ఎక్కువమంది వాడేది వర్జ్యం కోసమని. పంచాంగం యాప్‌లు చేసేవాళ్లంతా దాని మీదే బతుకుతున్నారు. గ్రహణం పేజీ ఒకటి రాశాను. మిగిలిన పేజీలు నా వైపు జాలిగా చూశాయి.

తెలుగు పుస్తకం పని మొదట తలకెత్తుకున్నది నేను కాదు, మా డిపార్టుమెంటులోనే పనిచేసే దేవరుప్పుల సారు. దేవరుప్పుల ఆయన ఊరు. అక్కడ భూములున్న ఇంటివాడు, నాకంటే చిన్నవాడు, నన్ను అన్నా అంటాడు. మంచి ప్రోగ్రామర్. మంచి భక్తుడు కూడా. వర్జ్యం చూడకుండా బనీను కూడా మార్చడని మేము వెక్కిరించేవాళ్లం. తెలుగు పేజీలు లోకానికి విడుదల చేసే మీట ఒక్కటే ఉంటుంది, దాని తాళంచెవి ఆయన దగ్గరే ఉంది. లైబ్రరీ నడిపేవాళ్లు భాషకు ఒక్కరికే ఇస్తారు.

రెండో మనిషి మానుకోట మేడం. మహబూబాబాద్‌ను మేమంతా మానుకోట అనే అంటాం. ఆ పక్క తండాలో పుట్టి, ఇంట్లో లంబాడీ మాట్లాడుతూ, బడిలో తెలుగు నేర్చుకుని, ఇంజనీరింగ్ చదివి, అక్కడి కాలేజీలో గెస్టు లెక్చరర్‌గా చేసేది. నాలుక కత్తి. మూడోవాడు భూపాలపల్లిలో బడి పంతులు, తెలుగు సారు. ఊరు రేగొండ. భాషలో తప్పులు పోకుండా ఉండాలని దేవరుప్పుల సారే ఆయన్ను బతిమాలి తెచ్చాడు. ఫోన్లో మాట్లాడుతుంటే వెనకాల గని సైరన్ మోగేది. సైరన్ ఆగేదాకా ఆయన ఆగడు, దానికంటే గట్టిగా సంస్కృతం మాట్లాడేవాడు.

మా కొట్లాటల్లో మొదటిది నాదే. వర్జ్యం పేజీ కింద నేనొక గమనిక రాశాను: “ఈ సమయాలు చంద్రుడి నడకను బట్టి కట్టిన లెక్క మాత్రమే. వీటివల్ల మంచిగానీ చెడుగానీ జరుగుతుందనడానికి ఆధారం లేదు.” మర్నాటికి అది లేదు. దేవరుప్పుల సారు తీసేశాడు. మళ్లీ పెట్టాను. మళ్లీ తీశాడు. కాలేజీలో ఎదురుపడితే ఇద్దరం చాయ్ కలిసి తాగేవాళ్లం, ఆ ఊసే ఎత్తేవాళ్లం కాదు. గదిలోకి పోయి నేను పెట్టేవాణ్ణి, ఆయన తీసేవాడు. చివరికి మేడం విసిగిపోయి, వేరే పేజీ ఒకటి తెరిచి, నా గమనికనూ ఆయన జవాబునూ పక్కపక్కన అక్కడ పడేసింది. ఆ పేజీకి పేరు ‘తరచుగా పడే తగవులు’. మా పుస్తకంలో అందరూ ఎక్కువగా చదివే పేజీ ఇప్పటికీ అదే.

రెండో కొట్లాట ఒక మాట మీద. కథ అంతా ఈ మాట మీదే నడుస్తుంది కాబట్టి జాగ్రత్తగా వినండి. ప్రోగ్రాంను మనం కొన్ని వివరాలు అడిగి పని చేయిస్తాం. ఏ ఊరు, ఏ తేదీ, ఏ దేశపు గడియారం, ఇలా. మనం ఏదైనా వివరం ఇవ్వకపోతే అది తనకు తోచింది తీసుకుంటుంది. ఇంగ్లీషులో దాన్ని డిఫాల్ట్ అంటారు. పుస్తకంలో ప్రతి వివరానికి ఒక పట్టిక, ప్రతి పట్టికలో డిఫాల్ట్‌కు ఒక గడి ఉంటుంది. ఆ గడి నెత్తిన ఏం రాయాలి?

తెలుగు సారు ‘అప్రమేయం’ అన్నాడు. గంభీరంగా ఉందని దేవరుప్పుల సారు మురిసిపోయాడు. నేను కూడా సరేనన్నాను. మా డెబ్భై పట్టికల నెత్తినా అప్రమేయం వెలిసింది. అప్పుడు మానుకోట మేడం మా ముగ్గురినీ ఒకే ఫోన్ కాల్‌లో కలిపి, అప్రమేయం అంటే ఏమిటని అడిగింది. తెలుగు సారు ధాతువు నుంచి మొదలుపెట్టి వివరించాడు. అంతా విని ఆమె అన్నది:

“సార్, తెలుగు నాకు బడిల నేర్చుకున్న భాష. బడిల కూడ గీ మాట రాలే. మా అమ్మ నన్ను దుకాణానికి తోలితే ఏ చాయ్‌పత్తి అని చెప్పకపోతే, దుకాణపాయన తనకు నచ్చింది కట్టిస్తడు. గంతే గద? ఆ గడికి ‘చెప్పకపోతే’ అని రాద్దాం.”

ఫోన్లో సైరన్ మోగింది. దానికంటే గట్టిగా తెలుగు సారు, అది మాటా, సగం వాక్యమా అన్నాడు. సగం వాక్యాన్ని నెత్తిన పెట్టుకుని పట్టిక నడుస్తుందా అన్నాడు. రేపు ‘ఎట్ల’, ‘గిట్ల’ కూడా పెడదామంటారా అన్నాడు. ఆ మాటకు నాకు పాత వేడి లేచింది. నా చిన్నప్పుడు సినిమాల్లో ‘ఎట్ల’ అన్నవాడు ఇంటి నౌకరో రౌడీయో అయ్యేవాడు, హాలంతా నవ్వేది. వాడుక మాట కోసం నోరు పోయేలా వాదించిన నేను, అప్రమేయానికి తల ఊపి కూర్చున్నానని అప్పుడు తెలిసివచ్చింది. పార్టీ మార్చాను. దేవరుప్పుల సారు కూడా మారాడు. ఆయన కారణం వేరు. వాళ్లమ్మకు చదివి వినిపిస్తే ‘అప్రమేయం’ ఏ దేవుడి పేరని అడిగిందట. ముగ్గురం ఒక వైపు, తెలుగు సారు ఒక్కడు ఒక వైపు. ఓడిపోయానని ఆయన ఒప్పుకున్నాడు గానీ, ప్రతి గడినీ ఒక్కొక్కటిగా తన కళ్ల ముందే మార్చాలని షరతు పెట్టాడు.

మూడోది కొట్లాట కాదు, ముచ్చట. దేవరుప్పుల సారు మా పుస్తకం మొదటి పేజీలో పైన మూలకు ఒక చిన్న పలక పెట్టాడు. ఇవాళ్టి వర్జ్యం ఎప్పటి నుంచి ఎప్పటిదాకో అది చూపిస్తుంది. మా లైబ్రరీ ఎంత బాగా పనిచేస్తుందో చూడండని ఊరించడానికి. పుస్తకంలో ఉదాహరణగా ఇచ్చిన ప్రోగ్రాం ముక్కనే తీసి అక్కడ అతికించాడు. ఆనాటి నుంచి ఆయన ఇంట్లో అచ్చు పంచాంగం మూలన పడింది. పలకను చూసే ప్రయాణాలు, పలకను చూసే కొనుగోళ్లు. కొత్త ట్రాక్టర్ కూడా పలక చూసే తెచ్చాడు. మా పేజీల్లో ఏ మార్పు కలపాలన్నా ముందు పలక చూసేవాడు. వాళ్లమ్మ మాత్రం ఊరుకోలేదు. గుడికాడి అయ్యగారు చెప్పే వర్జ్యం వేరు, నీ డబ్బా చెప్పే వర్జ్యం వేరు అని రోజూ అనేదట. ఆయన వచ్చి నాకు చెబితే నేనేమన్నానో తెలుసా? అయ్యగారిది ఎవరో రాసింది అప్పజెప్పే పాత లెక్క, కంప్యూటర్‌ది ఆకాశంలో చంద్రుణ్ణి చూసి కట్టే లెక్క అన్నాను. శాస్త్రానికీ గుడ్డి పరంపరకూ తేడా ఇదే తమ్మీ అని స్టాఫు రూంలో చిన్న ఉపన్యాసమే ఇచ్చాను. ఇద్దరు లెక్చరర్లు చప్పట్లు కూడా కొట్టారు.

ఇంతలో లైబ్రరీ నడిపేవాళ్ల నుంచి కబురు వచ్చింది. ఆదివారం సాయంత్రం ఆరింటికి కొత్త విడుదల. అప్పటికి అన్ని గడులూ నిండిన భాషలు ఉంటాయి, నిండనివి తీసేస్తారు. మాకు అది పరువు విషయం. మానుకోట మేడానికి అంతకన్నా ఎక్కువ. ఆ ఏడాదితో కాలేజీలో ఆమె కాంట్రాక్టు అయిపోతోంది, మళ్లీ ఇచ్చేది లేదని చెప్పేశారు. ఇంటి నుంచే ఇలాంటి పుస్తకాలు రాసే ఉద్యోగం ఒకటి చివరిదాకా వచ్చి ఆగింది. విడుదలైన పని ఏదైనా ఉంటే సోమవారం పొద్దున్నకల్లా లంకె పంపమన్నారు. విడుదల కాని పని చూడరట. ఆమె రాసిందంతా ఇందులోనే ఉంది.

ఆ ఆదివారం అందరం జనగామలో మా ల్యాబులో కలుద్దామనుకున్నాం. మేడం పొద్దుటి రైలుకు వచ్చింది, సకినాలు తెచ్చింది. తెలుగు సారు బస్సులు మారి వచ్చాడు, నిఘంటువు తెచ్చాడు. మధ్యాహ్నం పన్నెండుకల్లా మీట నొక్కాలని దేవరుప్పుల సారు లెక్క. కానీ గడులు మార్చడం అనే క్రతువు మిగిలింది. ఒక్కో అప్రమేయం పోతుంటే తెలుగు సారు ఒక్కో నిట్టూర్పు విడిచేవాడు. కొన్నిటికి పద్యం కూడా చదివాడు. మేం కడుపు పట్టుకుని నవ్వుతుంటే ఆయనకూ ఉత్సాహం వచ్చి ఇంకా సాగదీశాడు. అలా నవ్వులతో, సకినాలతో మూడైంది. చివరి పేజీ, సమయం పేజీ, ఇంకా మిగిలే ఉంది.

అప్పుడు దేవరుప్పుల సారు పలక వైపు చూసి మొహం వేలాడేశాడు. మూడు నుంచి నాలుగున్నరదాకా వర్జ్యం. ఆదివారం నాలుగున్నర నుంచి ఆరుదాకా రాహుకాలం, అది చిన్నపిల్లలకు కూడా తెలిసిందే. ఆరింటికి తలుపు మూత.

“ఎటు చూసినా దారి లేదన్నా” అన్నాడు. “ఒకరి బతుకుదెరువు ముచ్చట ఇది. గిసొంటి యాళ్లల నా చేత్తోని ఎట్ల నొక్కాలె?”

నవ్వు ఆగిపోయింది. నేను నా జీవితంలో నేర్చిన వాదాలన్నీ తీశాను. చంద్రుడికి మీట తెలుసా అన్నాను. అమెరికాలో ఇప్పుడు రాత్రి, అక్కడ నొక్కినవాడి గతేమిటన్నాను. తాళంచెవి నాకివ్వు, పాపం నేను మోస్తానన్నాను. ఇస్తే మాత్రం పాపం నాది కాకుండా పోతుందా అన్నాడు. ఆయన కళ్లలో మొండితనం కాదు, భయం కనిపించింది. మేడానికి ఏదైనా అయితే తన చేయి వల్లే అయినట్టవుతుందని నిజంగానే నమ్ముతున్నాడు. నా వాదాలకు అక్కడ పట్టు దొరకలేదు. మేడం మాత్రం మా ఇద్దరి వైపూ చూడలేదు. చివరి పేజీ నింపుతూ కూర్చుంది. మీరు తగవు తెంపుకునేలోపు నా పని నేను తెంపుకుంటానన్నది.

ఆ పేజీలో ఆఖరి పట్టిక, ఏ దేశపు గడియారం అనే వివరానిది. ఇంగ్లీషులో ‘ఏమీ లేదు’ అని ఉన్నదానికి తెలుగు సారు పాతగా రాసింది ‘అప్రమేయం: శూన్యం’. ఏడాదిగా నలుగురం చదివాం, నలుగురం బాగుందన్నాం. అప్రమేయం, శూన్యం. ఉపనిషత్తులా ఉంది, ఎవరు కాదంటారు? మేడం నెత్తిన మాట మార్చింది. ఇప్పుడది ‘చెప్పకపోతే: శూన్యం’ అయింది. ఆమె చేయి ఆగిపోయింది.

“చెప్పకపోతే శూన్యమా? గదేంది సార్? ఏ దేశం టైమో చెప్పకపోతే, ఏ టైము తీసుకుంటది?”

దేవరుప్పుల సారు భారతదేశపు టైమే అయ్యుంటుందన్నాడు. ఎందుకైతది, అది ఇండియాల పుట్టిందా అని మేడం. విప్పి చూద్దామన్నాను. విప్పి చూడొచ్చు కదా, ఓపెన్ సోర్స్! చూశాం. చెప్పకపోతే అది లండన్ పక్క గ్రీనిచ్ గడియారం తీసుకుంటుంది. మనకంటే ఐదున్నర గంటలు వెనక.

నలుగురి తలలూ ఒకేసారి తెర మూలనున్న పలక వైపు తిరిగాయి. ఆ పలకలో దేవరుప్పుల సారు అతికించిన ఉదాహరణలో గడియారం సంగతి చెప్పలేదు.

“అంటే...” అన్నాడాయన.

“అంటే మీరు ఇన్నొద్దులు లండన్ వర్జ్యం పాటించిన్రు సార్” అన్నది మేడం.

మేం ఎలా నవ్వామంటే వాచ్‌మన్ తలుపు తీసి చూసి వెళ్లాడు. ట్రాక్టర్ తెచ్చిన రోజు లెక్క వేసి చూశాం. షోరూం నుంచి బండి బయటికి వచ్చిన సమయానికి సిసలైన వర్జ్యం నడిమధ్యన ఉంది. ఆ ట్రాక్టర్ ఒక్కరోజు కూడా మొరాయించలేదని ఆయనే నోటితో చెప్పాడు. పలక చూసి మొట్టమొదట పేజీ కలిపిన రోజు చూశాం, అదీ వర్జ్యమే. నేను ఆనందంతో బల్ల మీద దరువు వేస్తుంటే, దేవరుప్పుల సారు కళ్లు తుడుచుకుంటూ నా వైపు వేలు చూపించాడు.

“అన్నా, మరి అయ్యగారి లెక్కనే కరెక్టు గద? పాత లెక్క, గుడ్డి పరంపర అన్నవు?”

దరువు ఆగింది. ఆకాశాన్ని చూసి కట్టిన లెక్కను తప్పు గడియారంలో చదివి, చప్పట్లు కొట్టించుకున్నది నేనే. వర్జ్యంలో చెడు జరగదనే నా మాటకు ఇన్నాళ్ల సాక్ష్యం దొరికింది, అదే దెబ్బకు గుడికాడి అయ్యగారి గడియారం నాకంటే నయమని కూడా తేలింది. రెండూ నిజమే. నిజం అనేదానికి నా మీద ప్రత్యేకమైన అభిమానం ఏమీ లేదని అప్పుడే తెలిసింది.

అసలు వర్జ్యం రాత్రి ఎనిమిదిన్నరకు. అంటే ఆ నిమిషాన వర్జ్యం లేదు. నాలుగు దాటింది, రాహుకాలానికి ఇంకా కాస్త వ్యవధి ఉంది. ఇప్పుడే నొక్కేస్తానని దేవరుప్పుల సారు లేచాడు. మేడం అడ్డుకుంది. ఉదాహరణలు తప్పు, పలక తప్పు, తెలిసి తెలిసి విడుదల చేస్తే ఎట్లా అన్నది. తరువాత దిద్దుదాం, ముందు నీ ఉద్యోగం చూసుకొమ్మన్నాడాయన.

“తప్పు పేజీ సూపిచ్చి ఉద్యోగం అడగాల్నా సార్? రేపు వాళ్లు అడిగితే ఏం చెప్పాలె?”

నలుగురం నాలుగు కంప్యూటర్ల ముందు పడ్డాం. గడియారం ఎక్కడెక్కడ చెప్పలేదో వెతికి, అన్నిచోట్లా చెప్పాం. తెలుగు సారు నిఘంటువు పక్కన పెట్టి, ఒక్కో ఉదాహరణనూ పైకి చదువుతూ, ‘ఏ దేశం టైమో చెప్పకపోతే?’ అని తనే అడుగుతూ, తనే దొరకబట్టడం మొదలుపెట్టాడు. చివరి గడిలో ‘చెప్పకపోతే: గ్రీనిచ్ సమయం. కాబట్టి తప్పక చెప్పండి’ అని టైపు చేసింది ఆయన చేతులే. అంతా ముగిసేసరికి అయిదు దాటింది.

రాహుకాలం. నట్టనడి రాహుకాలం. దీనికి గడియారం తప్పని సాకు కూడా లేదు. దేవరుప్పుల సారు మీట ముందు కూర్చున్నాడు. ఈసారి నేను వాదించలేదు. నా దగ్గర వాదాలు అయిపోయాయి కూడా. ఆయన మేడం వైపు చూశాడు, పలక వైపు చూశాడు, ట్రాక్టర్ గుర్తుకొచ్చిందో ఏమో, పెదవుల మూల నవ్వు మొదలైంది. అది భుజాలదాకా పాకింది.

“రాహువుకు మనం చెప్పకపోతే, ఆయనకెట్ల ఎర్కైతది?” అన్నాడు. నొక్కాడు.

ఇన్నేళ్ల నా ఉపన్యాసాలు చేయలేని పని ఒక సగం వాక్యం చేసింది. నేను పగలబడి నవ్వాను, కొంచెం కుళ్లుకున్నాను కూడా. పేజీలు లోకానికి వెళ్లాయి. ఆ రాత్రే మేడం లంకె పంపింది. ఉద్యోగం వచ్చింది, ఇప్పుడు మానుకోటలోనే ఉండి చేస్తోంది. నేను అదే నెలలో రిటైరయ్యాను. దేవరుప్పుల సారు ఆ తరువాత నాస్తికుడయ్యాడని మీరు అనుకోకండి. ఇప్పటికీ వర్జ్యం చూస్తాడు. కాకపోతే బనీను ఎప్పుడు పడితే అప్పుడు మారుస్తున్నాడు.

మళ్లీ ఆ సాయంత్రానికి వస్తాను. మిగిలిన సకినాలు పంచుకుని తింటుంటే దేవరుప్పుల సారు వాళ్లమ్మకు ఫోన్ చేశాడు. అందరం వినాలని స్పీకర్ పెట్టాడు.

“అవ్వా, అయ్యగారి లెక్కనే కరెక్టట. మా డబ్బాదే తప్పు.”

“నేను మొదటిసంది చెప్తలేనార?” అన్నది ఆవిడ.

“చెప్పినవే. నేనే ఇనలే.”

మానుకోట మేడం నోట్లో సకినం అలాగే పెట్టుకుని మళ్లీ కంప్యూటర్ దగ్గరికి నడిచింది. ఏమయిందమ్మా, ఇంకేదైనా తప్పు మిగిలిందా అని కంగారుగా అడిగాను.

“తప్పు కాదు సార్. పట్టికల ఇంకో గడి పెట్టాలె” అన్నది. “చెప్పినా వినకపోతే.”